గలీబు తీయని కనెక్షన్

మూడు వేల రెండు వందల లైన్లు. ఆ ఏడాది వానాకాలంలో నేను ఒంటిచేత్తో తీసిపారేసిన కోడ్ అంత. దాన్ని పెద్ద అక్షరాలతో కాగితాల మీద రాసి పరుచుకుంటూ పోతే ఉధ్నా స్టేషన్ నుంచి డుమస్ దాకా వస్తుందని, ఆఖరి పేజీలు సముద్రంలో తడుస్తాయని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ అప్పుడు బెండకాయలు తుడుస్తోంది.

"తీసేసుడు గూడ ఒక పనేనా? నేను రోజూ ఇల్లు ఊడ్సి తీసేస్తనే ఉన్న. నాకేమన్న బిళ్ళ ఇస్తున్నరా?" అంది.

ఆవిడకు ఇవ్వలేదు గాని నాకు చప్పట్లు దక్కాయి. మా సాహెబ్ వీడియో మీటింగులో తొమ్మిది మంది ముందు నా గురించి చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఆ తొమ్మిది మందిలో ముగ్గురు కెమెరా ఆపేసి ఉన్నారు, ఒకాయన స్నానానికి పోయినట్టు నీళ్ళ చప్పుడు వినిపించింది. అయినా నా చెవులకు అది క్రికెట్ స్టేడియం లాగే మోగింది.

మా కంపెనీ సూరత్‌లో, కతర్‌గామ్‌లో ఉంది. కింది మూడు అంతస్తుల్లో వజ్రాలు సానపడతారు, నాలుగో అంతస్తులో మేము డేటాబేస్ ప్రాక్సీ సర్వర్ తయారు చేస్తాం. లిఫ్టులో కలిసిన వజ్రాల కారీగర్లు "మీరు పైన ఏం చేస్తారు?" అని అడుగుతారు. నేను గొంతు సవరించుకునే లోపు వాళ్ళ అంతస్తు వచ్చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఈ ప్రపంచంలో ఒక్కరికి కూడా నా పని మొత్తం చెప్పుకోలేకపోయాను. మీరు లిఫ్టులో లేరు కాబట్టి చెబుతాను.

డేటాబేస్ అంటే ఒక పెద్ద గోదాము అనుకోండి. లోకంలోని లెక్కలన్నీ, పేర్లన్నీ, ఫలితాలన్నీ అందులో ఉంటాయి. ఆ గోదాముకు తలుపులు మాత్రం తక్కువ. అడిగేవాళ్ళు వేల మంది. మధ్యలో మా ప్రాక్సీ కూర్చుంటుంది. ఎవరు ఏది అడిగినా తను విని, ఖాళీగా ఉన్న తలుపు చూసి లోపలికి పంపి, జవాబు తెప్పించి ఇస్తుంది. ఒకరి పని కాగానే ఆ తలుపు ఇంకొకరికి. ఆ తలుపుల్నే మేము కనెక్షన్లు అంటాం. ఇరవై కనెక్షన్లతో రెండు వేల మందిని, ఒకరి భుజం ఒకరికి తగలకుండా నడిపించడం మా విద్య.

మా ప్రాక్సీ కోడ్ పదకొండేళ్ళ నాటిది. ఏడుగురు ఒకరి మీద ఒకరు రాశారు. ఏడుగురూ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఏది ఎందుకు రాశారో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఒకే పనిని నాలుగు చోట్ల నాలుగు రకాలుగా చేసే ఫంక్షన్లు, ఎవరూ పిలవని ఫంక్షన్లు, పిలిస్తే పలకని ఫంక్షన్లు. దాని పని చెడకుండా లోపలి అమరికంతా మార్చమన్నాడు సాహెబ్. దీన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించకుండా, వాళ్ళు భోంచేస్తుండగానే గోడలు జరపడం లాంటిది. లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి మా ఆవిడ కుట్టుమిషను బల్ల ముందు కూర్చుని, కాళ్ళు పెడల్ మీద ఆడిస్తూ, నేను గోడలు జరిపాను.

తీసేసిన వాటిలో నలభై లైన్ల ఫంక్షన్ ఒకటి ఉంది. ఒక కనెక్షన్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడల్లా ఇది మధ్యలో దూరి, ఆ కనెక్షన్ని తుడిచిపెట్టేది. తుడవడం కోసం గోదాము దాకా పోయి రావాలి, అంత సేపూ వెనకవాళ్ళు ఆగాలి. మా ఆఫీసులో ఉన్న పరీక్ష ప్రోగ్రాములు నడిపి వారం రోజులు కాపలా కాశాను. అది లక్ష సార్లు తుడిచింది, ఒక్కసారి కూడా అక్కడ తుడవడానికి మరకంటూ లేదు. ఇంత శుభ్రత ఉన్న చోట ఊడ్చేవాడెందుకని పీకేశాను. సర్వర్ వేగం పెరిగింది. ఎంత పెరిగిందంటే, అడగకముందే జవాబు వస్తోందని సాహెబ్‌తో అన్నాను. చప్పట్లు దానికే.

మేమున్నది ఉధ్నాలో, మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు. మా కింద ఒక ఖోలీ. పది అడుగులకు పన్నెండు. అందులో పద్నాలుగు మంది ఉంటారు. సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. ఏడుగురిది పగటి పాలీ, ఏడుగురిది రాత్రి పాలీ. వీళ్ళు డ్యూటీకి పోతే వాళ్ళు వచ్చి పడుకుంటారు. చాపలు ఏడే, దిండ్లు ఏడే. ఆ గదికి పెద్ద, మగ్గాలు బాగుచేసే మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా ఆ శబ్దంలో ఉండడం వల్ల మామూలుగా మాట్లాడినా మూడో వీధికి వినిపిస్తుంది. ఆయన పెట్టిన చట్టం ఒకటే. ఎవడి గలీబు వాడిదే. పనికి పోయేవాడు దిండుకున్న తన గలీబు విప్పి తన మేకుకు తగిలించి పోవాలి. వచ్చినవాడు తన గలీబు తొడుక్కుని పడుకోవాలి. తీయకుండా పోయినవాడికి ఆ రోజు చాప లేదు, నేల మీదే. ఆ గోడకు పద్నాలుగు మేకులు, ఎప్పుడు చూసినా ఏడు గలీబులు వేలాడుతుండేవి.

లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ బంద్ అయి, ఆ పద్నాలుగు మందీ ఒకేసారి గదిలో ఉండాల్సి వచ్చింది. కొందరు రైలెక్కి ఊరికి పోయారు. మిగిలినవాళ్ళు వంతులేసుకుని మెట్ల మీద పడుకున్నారు. వాళ్ళకూ చుట్టుపక్కల సందుల్లో ఇంకో నలభై మందికీ అన్నం పెట్టింది కింద గ్రౌండు ఫ్లోరులో ఉన్న మెస్ అక్క. నాకంటే రెండేళ్ళు చిన్నదే, అయినా ఈ వీధికంతటికీ అక్కే, నాకూ అక్కే. ఆవిడ పోపు పెడితే ఉధ్నా స్టేషన్‌లో ఆగని రైళ్ళు కూడా ఆగుతాయని నా అభిప్రాయం.

వానలు పడ్డాక మగ్గాలు చాలూ అయ్యాయి, పోయినవాళ్ళు తిరిగొచ్చారు. మిల్లు సేఠ్‌లు కొత్త నియమం పెట్టారు. గేటు దాటే ప్రతి మనిషికీ కరోనా లేదన్న రిపోర్టు ఉండాలి. పనివాళ్ళకే కాదు, మిల్లులోకి డబ్బాలు తెచ్చే మెస్ వాళ్ళకు కూడా. సోమవారం పొద్దున గడువు.

"సోమారం పొద్దుగాల డబ్బాలు గేటు కాడ ఉండాలె అన్నా. లేకుంటే సేఠ్ ఇంకో మెస్సోనికి చెప్పి పెట్టిండు. ఒక్కసారి ఆడు లోపలికి పోయిండంటే నేనింక గేటు మొకం చూసుడే," అంది అక్క.

గురువారం మా వీధి చివరి హాల్లో ఒక ల్యాబు వాళ్ళు క్యాంపు పెట్టారు. మా ఆఫీసు కూడా సోమవారం నుంచి రమ్మంటూ రిపోర్టు అడిగింది కాబట్టి నేనూ వెళ్ళాను. నేల మీద సున్నంతో గీసిన గుండ్రాలు. ఒక గుండ్రంలో అక్క, వెనక గుండ్రంలో నేను. ఆ ల్యాబు మా కంపెనీ కస్టమరు. వాళ్ళ రిపోర్టుల డేటాబేస్ ముందు కూర్చున్నది మా ప్రాక్సీయే. ఈ సంగతి అక్కకు చెప్పాను. కొంచెం పెంచే చెప్పాను.

"ఈ ల్యాబు మొత్తం నా చేతుల మీదే నడుస్తది అక్కా."

"అట్లనా? మరి నడిపేటోనివి నువ్వెందుకు లైన్ల నిలవడ్డవ్ అన్నా?"

వరుసలో నవ్వు లేచింది. మాస్కుల వెనక నుంచి వచ్చిన నవ్వు కాబట్టి ఎవరిదో పట్టుకోలేకపోయాను.

నా వంతు వచ్చింది. ల్యాబు పిల్ల నా ముక్కులోకి పెట్టిన పుల్ల మామూలుది కాదు. ముక్కు దాటి, కళ్ళ వెనక మలుపు తిరిగి, నేను మూడో తరగతిలో మరిచిపోయిన పదమూడో ఎక్కాన్ని తాకి వెనక్కి వచ్చింది. అక్క మాత్రం నిలబడింది, తుమ్మింది, పోయి బియ్యం కడిగింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి నాలుగు వందల మందికి ఒకే నిమిషంలో మెసేజ్ వచ్చింది. లింకు నొక్కితే రిపోర్టు. వీధి వీధంతా తలలు వంచింది. అక్క తన ఫోను తెచ్చి మెట్టు మీద పెట్టి నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడింది. "జర చూడు అన్నా, నాకు ఇంగ్లీషు రాదు," అంది.

నా ఫోను ఎడమ చేతిలో, ఆవిడ ఫోను కుడి చేతిలో. ఒకటి ముందు, ఒకటి వెనక చూసి ఉంటే ఈ కథ లేదు. కాని నాకు ప్రతిదాన్నీ ఆటగా చేసే జబ్బు చిన్నప్పటి నుంచి ఉంది. "వన్, టూ, త్రీ" అని రెండు బొటనవేళ్ళతో రెండు లింకులూ ఒక్కసారే నొక్కాను.

నాది నెగెటివ్. అక్కది పాజిటివ్.

రెండుసార్లు చదివాను. పేరు ఆవిడదే, వయసు ఆవిడదే. మళ్ళీ లింకు నొక్కినా అదే కాగితం వచ్చింది. ఫోను మళ్ళీ మెట్టు మీద పెట్టాను. చెప్పక తప్పలేదు. అక్క ఏడవలేదు. ఆ మెట్టు మీది ఫోను వైపు, అదేదో పాము అయినట్టు కాసేపు చూసింది.

"నాకేం లేదన్నా. జరం లేదు, దగ్గు లేదు. మీ ఇంట్ల ఇంగువ డబ్బ మూత తీస్తే నాకు కిందికి వాసనొస్తది. గీ కాగితమెట్లొచ్చింది?"

ఆవిడే వెళ్ళి మెస్ షట్టరు దించింది. షట్టరు లోపలి నుంచి కేకేసింది. "ల్యాబు నీ చేతుల మీద నడుస్తదంటివి గద అన్నా! జర అడుగు. సోమారం పొద్దుగాల్లోపు చెప్పాలె!"

మొత్తం వీధి విన్నది. నేను పెంచి చెప్పిన మాట నా మెడకే చుట్టుకుంది.

ల్యాబు మేనేజరుకు ఫోను చేశాను. ఆయన పాపం మర్యాదస్తుడు. "శాంపిళ్ళు సరిగ్గానే చూశాం. కాగితం అచ్చేసింది సాఫ్ట్‌వేర్. ఒకసారి అచ్చైతే మేము మార్చలేం. సాఫ్ట్‌వేర్ తప్పయితే మీ కంపెనీయే రాసివ్వాలి," అన్నాడు. సాహెబ్‌కు ఫోను చేశాను. "సాఫ్ట్‌వేర్ తప్పెందుకు చేస్తుంది భాయ్? నువ్వే కదా బాగు చేశావు!" అన్నాడు. నా చప్పట్లు నాకే అడ్డం వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నాను. రెండు ముద్దలు తిని, "పప్పు ఇంత చప్పగుందేంది?" అన్నాను.

మా ఆవిడ గరిటె కింద పెట్టింది. "పన్నెండు పచ్చిమిరపకాయలు ఏసిన. పొద్దుటి నుంచి నా చేతులు మండుతున్నయ్."

"అయితే సూరత్ మిరపకాయల్ల కారం తగ్గింది."

"కారం తగ్గలే. ఏమైందో నీ నాలుక్కే అయింది."

"నా నాలుకకు ల్యాబు కాగితం ఉంది," అన్నాను దర్జాగా, ఫోను చూపిస్తూ. ఆవిడ ఒక పచ్చిమిరపకాయ తెచ్చి నా కంచంలో పెట్టింది. నేను దాన్ని దోసకాయలాగా నమిలి తినేశాను. ఆవిడ నన్ను కొంచెం అనుమానంగా చూసి, కంచం తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళి తింది. నేను అది అలక అనుకున్నాను.

కడుపు నిండాక మెట్ల మీదకు వచ్చాను. రెండు మలుపుల కింద మేస్త్రి టీ గ్లాసుతో కూర్చున్నాడు. ఆయన గొంతుకు ఆ దూరం ఒక దూరమే కాదు.

"తమ్మీ! అక్క ముచ్చట ఏమైంది?"

"చూస్తున్న మేస్త్రన్నా. అంతా మంచిగనే ఉన్నది లోపల."

"మంచిగుంటే గిట్లెట్లయితది? నువ్వు జేసే పని ఏంది అసలు? ఇరవై ఏండ్లాయె, ఎప్పుడు అడిగినా గోదాము అంటవ్, తలుపులంటవ్, లేచి పోతవ్."

ఆయన దగ్గర లిఫ్టు లేదు. మొత్తం చెప్పాను. తలుపులు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒకరు వాడి వదలగానే అదే తలుపు ఇంకొకరికి ఇస్తాం. ఎవరికీ సొంత తలుపు లేదు.

మేస్త్రి గ్లాసు ఊపి అడుగున మిగిలింది తాగాడు. "ఓస్, గింతేనా! మా ఖోలీయే గద. ఏడు దిండ్లు, పద్నాలుగు తలకాయలు."

"అదే మేస్త్రన్నా. సరిగ్గ అదే."

"మరి పోయేటోడు గలీబు తీస్తడా?"

"ఏం గలీబు?"

"నీ అక్కడ! ఒకడు పోయి ఇంకోడు వచ్చేటప్పుడు, పోయేటోని గలీబు తీసుడు ఎవని పని? మా దగ్గర తియ్యకుంటే నేను తంత. మొన్న ఒకడు గలీబు తియ్యకుండ పాలీకి పోయిండు. దాంట్లె ఆని పెండ్లాం రాసిన చిట్టి ఉన్నది. వచ్చి పండినోడు అది తనకే అనుకుని చదివి, ఊరికి ఫోన్ చేసి తన పెండ్లాంతోని లడాయి పెట్టుకున్నడు. నీ దగ్గర ఎవడు తంతడు?"

నలభై లైన్లు. లక్ష సార్లు తుడిచిన ఫంక్షన్. మా దగ్గర తన్నేవాణ్ణి నేనే స్వహస్తాలతో ఉద్యోగం నుంచి తీసేశాను.

నేను లేచిన వేగానికి మెట్ల మీద గాలి పుట్టి కింది ఖోలీ తలుపు మూసుకుంది. కుట్టుమిషను బల్ల ముందు కూర్చుని ల్యాబు ప్రోగ్రాము ఎట్లా అడుగుతుందో మొదటిసారి పూర్తిగా చదివాను. చదవకుండానే దాని ముందున్న తలుపులు మార్చానన్నది ఇక్కడ ఒప్పుకోవాలి.

అది ఇలా చేస్తుంది. లింకు నొక్కగానే ముందు ఒక కనెక్షన్ మీద ఆ మనిషి శాంపిల్ నంబరు పెడుతుంది. తర్వాత మళ్ళీ వచ్చి, "ఇక్కడున్న నంబరు ఫలితం ఇవ్వు" అంటుంది. రద్దీ లేనప్పుడు రెండుసార్లూ అదే కనెక్షన్ దొరుకుతుంది, గొడవ లేదు. నాలుగు వందల మంది ఒకే నిమిషంలో నొక్కితే రెండోసారి వేరే కనెక్షన్ దొరకవచ్చు. పాత కోడ్‌లో అయితే అది చేతులు మారింది కాబట్టి తుడిచి ఉంటుంది. నంబరు కనిపించక, ప్రోగ్రాము "కాసేపాగి మళ్ళీ నొక్కండి" అనేది. జనం విసుక్కునేవాళ్ళు, అంతే. నేను ఊడ్చేవాణ్ణి తీసేశాక అక్కడ అంతకు ముందు వచ్చినవాళ్ళ నంబరు అట్లాగే ఉంది. ప్రోగ్రాము దాన్నే తీసుకుని, ఇంకొకరి ఫలితం తెచ్చి, ఈ మనిషి పేరు కింద అచ్చేసింది. అచ్చైన కాగితం దాచిపెట్టుకుంది. అందుకే ఎన్నిసార్లు నొక్కినా అదే.

మా ఆఫీసు పరీక్ష ప్రోగ్రాములు కనెక్షన్ మీద ఏమీ వదిలిపెట్టవు. పెండ్లాం చిట్టీలు దాచుకునే అలవాటు వాటికి లేదు. అందుకే నాకు మరక కనబడలేదు.

అనుమానం ఉంటే సరిపోదు, చూపించాలి. మా దగ్గరున్న నకలు సర్వర్ మీద నాలుగు వందల దొంగ మనుషుల్ని తయారు చేసి, అందరి చేతా ఒకేసారి నొక్కించాను. మొదటిసారి అంతా సరిగ్గా వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి పదకొండు కాగితాలు తప్పు వచ్చాయి. జీవితంలో తప్పు వచ్చినందుకు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది అప్పుడే. ఆ గంతుకు కుట్టుమిషను సూది తనంతట తను రెండు కుట్లు వేసింది.

ఇక మిగిలింది శనివారం నాటి అసలు చిట్టా చూడడం. ఏ కనెక్షన్ మీద ఎప్పుడు ఏ నంబరు పెట్టారో మా ప్రాక్సీ రాసిపెడుతుంది. అక్క ఫోనులో ఉన్న నంబరు వెతికాను. ఏడో కనెక్షన్ మీద పెట్టి ఉంది. కాని ఫలితం అడగడానికి ప్రోగ్రాము తొమ్మిదో కనెక్షన్‌కు వెళ్ళింది. నేను చప్పట్లు కొట్టాను. దొరికింది! అక్క కాగితంలో ఉన్నది అక్క ఫలితం కాదు. తొమ్మిదో కనెక్షన్ మీద అంతకు ముందు పెట్టిన నంబరు ఎవరిదైతే, ఆ మనిషిది. ఆ నంబరు చదివాను.

ఎక్కడో చూసినట్టుంది. నా ఫోను తీసి చూశాను.

నాది.

నేనేమో ఏడో కనెక్షన్‌కు వెళ్ళి అక్క నెగెటివ్ తెచ్చుకుని, వీధంతా చూపించుకున్నాను. రెండు బొటనవేళ్ళు, వన్ టూ త్రీ.

బల్ల ముందు ఎంత సేపు కూర్చున్నానో చెప్పలేను. సాధారణంగా ఇలాంటి చోట ఏడు గంటలు అని రాస్తాను. నిజానికి రెండు నిమిషాలై ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో నాకు మంచి ఆలోచనలే రాలేదు. నేను నోరు మూసుకుంటే ఈ చిట్టా ఎవరూ చదవరు. నాకు నెగెటివ్ కాగితం ఉంది, సోమవారం ఆఫీసు ఉంది, చప్పట్లు ఉన్నాయి. అక్కకు ఎట్లాగూ ఏమీ లేదు కాబట్టి రెండు వారాల తర్వాత తనే తెరుచుకుంటుంది. ఇంత దాకా వచ్చాక కింద షట్టరు వెనక గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. వండడానికి ఏమీ లేకపోయినా ఆవిడ గిన్నెలు తోముతోంది. రెండు వారాల తర్వాత ఆ గేటు దగ్గర వేరేవాళ్ళ డబ్బాలుంటాయి.

"ఇగో," అని పిలిచాను మా ఆవిడను. "గడప కాడనే నిలవడు. లోపలికి రాకు."

"నాకు మధ్యాహ్నమే తెల్సు," అంది ఆవిడ, అప్పటికే గడప అవతలే ఉంది. ముఖానికి మాస్కు కూడా ఉంది. "ఉత్త మిరపకాయ తిని నీళ్ళు అడగని మొగోణ్ణి నేను యాడ చూడలే. గా కంప్యూటర్ చెప్పేదాక నీకు తెల్వలేదా?"

సాహెబ్‌కు ఫోను చేసి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. "షూ వాత్ కరే ఛే!" అన్నాడు, ఏం మాట్లాడుతున్నావయ్యా అని. నా చప్పట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నట్టనిపించింది. చివరికి వ్యాపారస్తుడి గొంతుతో అడిగాడు, ఇట్లా ఎన్ని కాగితాలు? చిట్టా మొత్తం వెతికి చెప్పాను. మా ఇద్దరివీ కాక ఇంకో తొమ్మిది. అందులో నాలాగే నెగెటివ్ చేతిలో పెట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఎవరున్నారో ల్యాబుకే తెలుస్తుంది. అది వినగానే ఆయన ల్యాబుకు తనే ఫోను చేస్తానన్నాడు.

నలభై లైన్లు పాత కోడ్ నుంచి తెచ్చి ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. వాటి మీద ఒక్క మాట కూడా రాయని ఆ ఏడుగురి తప్పు నేను చేయలేదు. "ఒకరు పోయి ఇంకొకరు వచ్చేటప్పుడు పాత గలీబు తీసే చోటు ఇది. ఎవరికైనా దీన్ని పీకాలనిపిస్తే ముందు ఉధ్నా వచ్చి కింది ఖోలీలో అడగాలి," అని రాశాను. ఈ రోజుకూ అది అక్కడే ఉంది. కొత్తగా చేరినవాళ్ళు అదేదో సాంకేతిక పదం అనుకుంటారు. తర్వాత నాలుగు వందల దొంగ మనుషుల చేత యాభై సార్లు నొక్కించాను. ఒక్క కాగితం కూడా తప్పు రాలేదు. కొందరికి "కాసేపాగి మళ్ళీ నొక్కండి" అని వచ్చింది. వేగం తగ్గింది.

ల్యాబుకు రాసివ్వాల్సిన ఉత్తరం మిగిలింది. సాంకేతిక కారణాల వల్ల అని రాయమన్నాడు సాహెబ్. రాసి చూశాను. ఆ కారణాలకు కాళ్ళూ చేతులూ ఉన్నాయి, రెండు బొటనవేళ్ళు కూడా ఉన్నాయి. కొట్టేసి, "ఈ ఫంక్షన్ అవసరం లేదనుకుని తీసేసింది నేను, ల్యాబు ప్రోగ్రాము చదవకుండా తీసేశాను" అని రాశాను. నేను జీవితంలో పెంచకుండా రాసిన వాక్యం అదొక్కటే. సాహెబ్ చదివి, ఒక నిట్టూర్పు విడిచి, ముద్ర వేసి పంపాడు.

సాయంత్రం ఆరింటికి మళ్ళీ మెసేజ్‌లు వచ్చాయి. మాస్కు బిగించుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"అక్కా! ఇప్పుడు నొక్కు! నువ్వే నొక్కు, ఎవ్వరికీ ఇయ్యకు!"

షట్టరు సగం లేచింది. మేస్త్రి పగటి పాలీ కుర్రవాడొకణ్ణి కేకేశాడు. వాడు దూరం నుంచే చదివాడు. "నెగెటివ్ అక్కా!"

అక్క తల పైకెత్తింది. "మరి గా పాజిటివ్ ఎవలిదన్నా?"

వీధిలో అందరూ పైకి చూశారు. "నాదే అక్కా," అన్నాను.

ఇంత చిన్న మాటకు అంత పెద్ద నిశ్శబ్దం ఉధ్నాలో మగ్గాలు పుట్టాక ఎప్పుడూ వచ్చి ఉండదు. ఆ తర్వాత అక్క నవ్వింది. నడుం పట్టుకుని, షట్టరు ఆనుకుని నవ్వింది. "ల్యాబు నడిపేటోనికే ల్యాబు అంటుకున్నదా!"

నేను ఆవిడ ఫోను ముట్టుకున్న సంగతి కూడా ఉత్తరంలో రాశాను కాబట్టి, సోమవారం తెల్లవారగానే అరగంటలో ఫలితం చెప్పే పరీక్ష ఇంకొకటి చేయించారు. మా ఆవిడకూ చేశారు. ఇద్దరికీ లేదు. ఎనిమిదింటికి అక్క డబ్బాలు గేటు దగ్గరున్నాయి. నేను కిటికీలోంచి ఆ రిక్షా మలుపు తిరిగే దాకా చూశాను.

నన్ను ముందు గదిలో పడేశారు. జ్వరం మూడు రోజులు వచ్చిపోయింది, అంతకంటే ఏం కాలేదు. మూడు రోజుల్లో నేను మా ఆవిడకు చెప్పిన చివరి కోరికలు మాత్రం ఒక నోటుబుక్కు నిండా ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం అక్క కింద నుంచి డబ్బా పంపేది. మా ఆవిడ దాన్ని తాడు కట్టి కిటికీలోంచి పైకి లాగేది. నేను తినగానే అక్క కింద నుంచి అడిగేది, "ఎట్లున్నదన్నా?"

నాకు వాసన లేదు, రుచి లేదు. గోడకు వేసే సున్నం కలిపి పెట్టినా తెలియదు. కాని ఆవిడ అన్నం పెడుతుంటే తక్కువ చేసి ఎట్లా చెబుతాను? "ఇటువంటి పప్పు పుట్టినప్పటి నుంచి తినలేదక్కా!" "ఇయ్యాల సాంబారుకు ప్రాణమొచ్చింది!" "ఈ టమాట పచ్చడికి గుడి కట్టాలె!" ప్రతి రోజూ ఒక మెట్టు పైకి పెంచాను. అక్క ప్రతి రోజూ "మంచిదన్నా" అని లోపలికి పోయేది.

పదకొండో రోజు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాను. ఇంకో ముద్ద తిన్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఒక నిమిషం ఆలోచించాను, ఎట్లా చెప్పాలా అని.

"ఎట్లున్నదన్నా?"

"అక్కా... కోపం చేయకు. పప్పుల ఉప్పు లేదు."

అక్క గరిటె పైకెత్తి మేస్త్రి గదివైపు తిరిగి అరిచింది. "మేస్త్రన్నా! మనోనికి తగ్గింది!" తర్వాత నా వైపు తిరిగింది. "పదకొండు దినాల సంది నీ డబ్బల ఉప్పెయ్యలేదన్నా. నువ్వు గుడి కడుతా అన్న పచ్చట్ల గూడ లేదు. ఉప్పు లేదని నీ నోట వచ్చిన్నాడే నిన్ను కిందికి దిగనియ్యాలనుకున్న."

మా ఆవిడ వెనక నుంచి ఉప్పు డబ్బా తెచ్చి, గడప ఇవతల పెట్టి వెళ్ళింది.